అచ్చులో మిగిలిన పోగులు

భవానీపురం, విజయవాడ
4-8-1974

చౌడక్కకు, తమ్ముడు సాంబమూర్తి నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ సుబ్బరత్నమూ ఉన్నాం. పెడనలో వానలు ఎడతెరిపి లేకుండా పడుతున్నాయని చీరల మూటలు తెచ్చే హనుమయ్య చెప్పాడు. మగ్గం గుంటల్లో నీళ్ళు ఊరుతుంటాయి. నడుము నొప్పితో తడి గుంటలో కూర్చోవద్దని బావతో చెప్పు. నేను చెప్పానని చెబితే వినడు, నువ్వే చెప్పినట్టు చెప్పు.

నెల రోజులుగా నా గొంతు బొంగురుపోయింది. ఎక్కువ మాట్లాడవద్దని డాక్టరు అన్నాడు. చీర విప్పి, అంచు పట్టుకుని, దాని గొప్ప చెప్పడమే గదా వన్ టౌన్ షాపులో నా పని. ఇప్పుడు విప్పి చూపించి ఊరుకుంటున్నాను. అయినా అమ్మకం తగ్గలేదు. మా షావుకారు, "అయితే పదిహేడేళ్ళ నుంచి నీ నోటికి దండగ జీతం ఇస్తున్నానన్నమాట" అన్నాడు.

రాత్రిపూట అన్నం మానేశాను. జావ తాగి పడుకుంటున్నాను. ఒంటికి తేలిగ్గా ఉంది.

ఇంకో సంగతి. చీరలు చుట్టడానికి కొన్న పాత కాగితాల కట్టలో ఒక పుస్తకం దొరికింది. మొదటి పేజీలు లేవు, చివరివీ లేవు. మనిషి తన కంగారును తగ్గించుకుని సుఖంగా ఉండడానికి బుద్ధుడు చెప్పిన దారి అందులో ఉంది. కూర్చుని, ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం గమనించాలి. మనసు పక్కకు పోతే, పోయిందని తెలుసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. భయం వస్తే తరమకూడదు, పీట వేసి కూర్చోబెట్టకూడదు. "ఇది భయం" అని పేరు పెట్టి చూస్తూ ఉండాలి. చూస్తుండగా పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. నా రోజువారీ పుస్తకంలో అది ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో ఒక వరుస రాసుకుంటున్నాను. ఇంతవరకు వచ్చి పోనిది లేదు.

నీకేం భయంరా అంటావు. షావుకారు కేక వేస్తే భయం, బస్సు తప్పితే భయం. అన్నీ చిన్నవే.

ఆదివారాలు బందరు రోడ్డులోని మ్యూజియంకి వెళుతున్నాను. అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి విగ్రహం అక్కడ ఉంది. అబ్రహాముగారని కాపలాదారు. "ఇరవయ్యేళ్ళుగా ఈయన పక్కన కూర్చుంటున్నానండీ, ఒక్కరోజూ విసుక్కోలేదు. మా ఇంట్లో ఇరవై నిమిషాలకే విసుక్కుంటారు" అన్నాడు. మంచి మనిషి.

బావకు నమస్కారాలు.

తమ్ముడు,
సాంబమూర్తి


పెడన
11-8-74

సాంబడికి అక్క దీవెన.

నీ ఉత్తరం మీ బావ చదివి వినిపించాడు. తర్వాత నేను కూడబలుక్కుని ఇంకోసారి చదువుకున్నాను. చదివిన కాణ్ణించీ నాకు బాగోలేదు.

గుంటలో నీళ్ళు మోకాలి దాకా వచ్చినాయి. చెంబులతో తోడి పోస్తన్నాం. బసవయ్య వాళ్ళ గుంట గోడ కూలి మగ్గం పడిపోయింది, పాపం. అదంతా సరే. నువ్వు రాత్రి అన్నం ఎందుకు మానేశావు?

నాన్న వెళ్ళిపోయేప్పటికి నీకు ఏడేళ్ళు. నీకేం గుర్తుండదు. నాకు పన్నెండు, నాకన్నీ గుర్తే. ముందు రాత్రి అన్నం మానేశాడు. ఏంటయ్యా అని అమ్మడిగితే "ఒంటికి తేలిగ్గా ఉందే" అన్నాడు. అదే మాట, సాంబా. నీ ఉత్తరంలో ఆ మాట మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. తర్వాత మాట తగ్గించాడు. ఏదడిగినా చేత్తోనే చెప్పేవాడు. ఆఖర్న మూడోది ఒకటి చేశాడు, మర్నాడు పొద్దున ఇంట్లో లేడు. సాధువుల్లో కలిశాడన్నారు, కాశీలో చూశామన్నారు, ముప్పై అయిదేళ్ళు అయింది. ఆ మూడోది ఏంటో నేను రాయను. దాని పేరెత్తడానికే నాకు భయం.

బుద్ధుడు మంచోడే కావచ్చు. పెళ్ళాన్నీ పిల్లాణ్ణీ వదిలి పోయినోడేగా ఆయన కూడా. నీకు పిల్లలు లేరు, ఉన్న ఒక్కదానికి నువ్వే గదరా దిక్కు. ఊపిరి చూసుకోడానికి పుస్తకమెందుకు? దాని మానాన అది ఆడదా?

రాత్రి అన్నం తిను. తిన్నానని రాయి.

అక్క,
చౌడేశ్వరమ్మ


భవానీపురం
17-8-1974

అక్కా,

ఇది నీకు పంపను. రాస్తే నిద్ర పడుతుందేమోనని రాస్తున్నాను.

ఉగాదికి మెడలో కుడిపక్క చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. ఇప్పుడు రేగుపండంత ఉంది. పక్కింటి తెరేసమ్మగారు నర్సు. గోడవతల నుంచి నా గొంతు విని, "అన్నయ్యగారూ, ఇది జలుబు గొంతు కాదండీ" అని తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన గుంటూరు పెద్దాసుపత్రికి పంపాడు. షాపు పని మీద వెళుతున్నానని సుబ్బరత్నానికి చెప్పి వెళ్ళాను. గొంతులోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. నిన్న చీటీ చేతికిచ్చారు. రాచపుండు.

ఆపరేషన్ చేస్తే బతకవచ్చు, మాట పోతుంది. చెయ్యకపోతే రెండూ పోతాయి. వచ్చే నెల పదిహేనులోపు వచ్చి చేరమన్నారు. అన్నం దిగడం లేదు, అందుకే జావ. మాట్లాడితే నొప్పి, అందుకే మౌనం. నేను సన్యాసిని కాను అక్కా. గొంతు నొప్పి ఉన్నవాణ్ణి.

సుబ్బరత్నానికి ఇంకా చెప్పలేదు. ఆమె ముఖం చూస్తూ ఆ మాట అనడం నావల్ల కావడం లేదు.

పుస్తకంలో ఉన్నట్టే కూర్చుంటున్నాను. ఊపిరిని గమనించమన్నారు. నా ఊపిరి ఆ గడ్డ పక్క నుంచే పోవాలి. లోపలికి పోతూ దాన్ని తాకుతుంది, బయటికి వస్తూ దాన్ని తాకుతుంది. ఏం చూడకూడదని కూర్చుంటానో దాన్నే చూస్తున్నాను. ఇవాళ పదకొండు సార్లు రాశాను, భయం వచ్చినది. పదకొండోది పోయినది ఇంకా రాయలేదు.

దీన్ని చింపెయ్యాలి.


భవానీపురం
18-8-1974

చౌడక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. భయపడవలసింది ఏమీ లేదు. గొంతు నెమ్మదిస్తోంది.

బసవయ్య మగ్గం పడిపోయిందని రాశావు. మన ఇంట్లో నా వంతు మగ్గం ఊరికే ఉంది గదా, దాన్ని అతనికి ఇచ్చేసెయ్యి. దసరాకు వచ్చి జానెడు నేసి పోయేవాడికి మగ్గం ఎందుకు? అతను నేసేది వేరే నూలు. నా అచ్చు పళ్ళ సందుల్లో మిగిలిన పాత పోగులు అతనికి పనికిరావు. అవన్నీ దువ్వి తీసేసి, ఒట్టి అచ్చు చేసి ఇవ్వు.

నాది అనుకున్నది ఒక్కొక్కటే వదులుకుంటూ ఉంటే మనసు తేలికపడుతుందని చదివాను. నిజమే అనిపిస్తోంది.

సాంబమూర్తి


పెడన
26-8-74

సాంబా,

దీవెనలు రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

కార్డు మీ బావ చదువుతున్నాడు. "ఒట్టి అచ్చు చేసి ఇవ్వు" అన్న కాడికొచ్చేసరికి నేను గడప మీద కూలబడ్డాను. మంచినీళ్ళు ఇచ్చి, "ఏమైందే, మంచి మాటేగా రాశాడు" అంటాడు.

ఇక దాచి లాభం లేదు, చెబుతున్నా విను. ఆ మూడోది ఇదే. నేసేవాడు ఎవడైనా చీర కోశాక అచ్చులో జానెడు పోగులు వదులుతాడు. కొత్త చీర పడుగు, ఆ నిలువు పోగులన్నీ వాటికే గదా అతకాలి. నాన్న ఆ రోజు మగ్గం మీద చీర పూర్తిచేసి, కోసి మడిచి, అచ్చులో ఒక్క పోగు లేకుండా దువ్వి తీసేశాడు. నువ్వు గుంటలో కూర్చుని ఆ తీసిన పోగులతో ఆడుకున్నావు. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఒట్టి అచ్చు చూసింది. నేసేవాడి ఇంట్లో ఒట్టి అచ్చు అంటే ఏంటో అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారి ఆయన లేడు.

అన్నం మానేశావు. మాట మానేశావు. ఇప్పుడు అచ్చు ఖాళీ చెయ్యమంటున్నావు.

హనుమయ్య నిన్న వచ్చి ఇంకో నిప్పు పోశాడు. "మ్యూజియంలో చూశానమ్మా, ఆ రాతి దేవుడి ముందు కళ్ళు మూసుకు కూర్చున్నారు. సాంబమూర్తిగారూ అని మూడుసార్లు పిలిచా. కళ్ళు తెరిచి, నవ్వి, మళ్ళీ మూసుకున్నారు. నోరు మాత్రం విప్పలే" అన్నాడు. మూట ఇద్దామని భవానీపురం ఇంటికెళితే సుబ్బరత్నం వెనక మెట్ల మీద కూర్చుని ఏడుస్తోందంట. ఇతన్ని చూసి ఉల్లిపాయలండీ అందంట. చేతిలో చూస్తే తోటకూర ఉందంట.

మీ బావ, "వాడు ఊపిరి చూసుకుంటున్నాడే, నీ సొమ్మేం పోయింది" అన్నాడు. "మా నాన్న కూడా చూసుకుంటూ చూసుకుంటూ పోయాడు, నువ్వు నోర్ముయ్యి" అన్నాను. పాపం, మూసుకున్నాడు.

నీ మగ్గం నేను బసవయ్యకి ఇవ్వను. అతను మీ బావ మగ్గం మీద మాపటి పూట నేసుకుంటాడు, మాట్లాడాను. నీ గుంటలో నీళ్ళు తోడి పోసి, ఇవాళ కొత్త పడుగు తెచ్చి నీ అచ్చుకి అతకడం మొదలుపెట్టాను. రెండువేల పైచిలుకు పోగులు. పడుగు ఎక్కిన మగ్గాన్ని వదిలేసి నేసేవాడు ఊరు దాటకూడదు, అది మన ఇళ్ళల్లో పద్ధతి. నీకు తెలుసు. ఈ చీర కోసేదాకా నువ్వు ఎక్కడికీ పోవడానికి లేదు.

పోస్టుమేను సైకిల్ గంట వినపడితే వీధిలోకి పరిగెత్తుతున్నాను. నా మీద ఒట్టు, నిజం రాయి.

అక్క


భవానీపురం
3-9-1974

అక్కయ్యకు,

దీనితోపాటు ఇంకో కాగితం పెడుతున్నాను. పదిహేడో తేదీన రాసి పంపనిది. ముందు అది చదువు. బావను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. తర్వాత ఇది.

చదివావు గదా. అదీ సంగతి.

నీ ఉత్తరం చూసి ముందు నవ్వబోయాను. సన్యాసం, నాకు! నవ్వు రాలేదు. అక్కా, నువ్వు తప్పు దారిన నడిచి సరైన ఇంటికే వచ్చావు. సన్యాసం కాదుగాని, వెళ్ళిపోవాలనే అనుకున్నాను. ఈ నెల పదో తేదీన అమరావతి బస్సెక్కి, అక్కడ ఏటి ఒడ్డున ఏదో సత్రంలో ఉండి, ప్రాణం ఎంతకాలం ఉంటే అంతకాలం ఉండి, తిరిగి రాకూడదనుకున్నాను. ఆపరేషన్ బల్ల ఎక్కే ధైర్యం లేదు. మాట లేకుండా మనుషుల మధ్య తిరిగే ధైర్యం లేదు. భర్త సాధువుల్లో కలిశాడంటే సుబ్బరత్నాన్ని లోకం గౌరవంగా చూస్తుంది, మెల్లగా మరిచిపోతుంది అనుకున్నాను. మగ్గం ఇచ్చెయ్యమన్నది అందుకే. ఒట్టి అచ్చు అంటే ఏమిటో నాకు తెలియదు. నాన్న సంగతి తెలియదు. చెయ్యి మాత్రం అదే రాసింది.

దీనికి నేను "వదులుకోవడం" అని పేరు పెట్టుకున్నాను. భయానికి భయం అని పేరు పెట్టమన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, భయానికి ఇంకో పేరు పెట్టాను. నా రోజువారీ పుస్తకం తిప్పి చూశాను. ఒక్క వరుసలో కూడా పారిపోవాలనిపించిందని రాయలేదు. అన్నీ రాసి అసలుది వదిలేశాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆదివారం మ్యూజియంకి వెళ్ళాను. అబ్రహాముగారితో కాగితం మీద రాసి మాట్లాడుతున్నాను. "ఈయన ఇల్లు వదిలి పారిపోయాడంటారే, నిజమా?" అని రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఆ సంగతులు నాకు తెలియవండీ, మాది చర్చి. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను, నిలబడే ఉన్నాడు. పారిపోయేవాడు ఇంతసేపు నిలబడడు" అన్నాడు. తర్వాత నా మెడ చూసి, "టీ తాగుదాం రండి. మింగలేకపోతే నేను తాగుతాను, మీరు చూద్దురుగాని" అన్నాడు.

ఇంటికి వచ్చి సుబ్బరత్నానికి చీటీ చూపించాను. ఆమె ఏడవలేదు. "దిండు కింద పెడితే దిండు గలీబు మార్చేవాళ్ళకి కనపడదనుకున్నారా? పది రోజులైంది నేను చూసి. తెరేసమ్మ వదినతో చదివించుకున్నాను. మీరు చెబుతారేమోనని రోజూ జావ కలుపుతూ చూస్తున్నాను" అంది. ఒకరికి తెలియకూడదని ఇంకొకరం, పదిరోజులు, ఆ రెండు గదుల ఇంట్లో. అప్పుడు మాత్రం ఇద్దరం ఏడ్చాం.

పన్నెండున గుంటూరులో చేరుతున్నాను. అమరావతి వెళ్ళడం లేదు.

భయంగా ఉంది అక్కా. ఇంతకన్నా నాకు రాయడం రాదు.

సాంబమూర్తి


పెడన
8-9-74

మా సాంబడికి,

మీ బావ ఆ పంపని కాగితం సగం చదివి కళ్ళజోడు తీసేశాడు. మిగతాది నేనే చదువుకున్నాను. కూడబలుక్కునేదాన్ని, ఆ రోజు ఎక్కడా తడుముకోలేదు.

నిన్ను తిట్టను. తర్వాత తిడతాను. ముందు ఒక మాట.

పడుగు అతకడం నిన్నటికి అయింది. నాలుగు రోజుల పని, పదమూడు రోజులు పట్టింది. మొదట్లో కొత్త పోగు చూస్తే నువ్వు, పాత పోగు చూస్తే నాన్న. లాగడం ఎక్కువై పోగులు తెగేవి. రెండువేలు ఎప్పటికయ్యేను అని తలెత్తి చూస్తే ప్రాణం ఉసూరుమనేది. అప్పుడు మా అత్తమ్మ చెప్పింది గుర్తొచ్చింది. తలెత్తకే, చేతిలో ఉన్న పోగు చూడు, అంతే. సరే అని ఆ ఒక్క పోగే పట్టుకున్నా. వేలికి బూడిద అద్ది మెలిపెట్టా. తర్వాతది పట్టుకున్నా. అలా ఎంతసేపు పోయిందో తెలీదు. చూస్తే మీ బావ అన్నం పెట్టుకు తినేసి గిన్నెలు కూడా కడిగాడు. అంతసేపూ నాకు భయం లేదు, సాంబా. తలెత్తితే ఉంది. దించితే లేదు. అదేనా నీ బుద్ధుడు చెప్పింది? అదే అయితే అచ్చు అతికే ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసురా. దానికి పేరుందని తెలీదు, అంతే.

తెగిన పోగుల్ని కూడా ముడేశాను. ముడి తెలుస్తుంది. తెలిస్తే తెలవనీ.

ఇంకోటి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. నాన్న అన్నం మానేశాడు. మాట తగ్గించాడు. మెడకి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకునేవాడు, ఎండల్లో కూడా. చలేస్తుందే అనేవాడు. సాధువుల్లో కలిశాడని మనం అనుకున్నాం. ముప్పై అయిదేళ్ళు తిట్టుకున్నాను ఆయన్ని. ఆయన కూడా గొంతు నొప్పి ఉన్నవాడేమో సాంబా. ఎవరికీ చెప్పుకోలేక ఎక్కడో ఒక్కడూ. ఎవరన్నా గట్టిగా ఒక ఉత్తరం రాసి ఉంటే ఆగేవాడేమో. అమ్మకి రాయడం రాదు. నాకు పన్నెండేళ్ళు.

నువ్వు మాత్రం ఆగావు.

బుధవారం పాసింజరుకి వస్తన్నా. బసవయ్య వచ్చి రైలెక్కిస్తాడు. గుంటూరు నీతో నేనూ వస్తా, సుబ్బరత్నం ఒక్కతే ఏం చేసుద్ది. స్టేషన్‌లో నేను దిగేప్పుడు నొప్పైనా సరే ఒక్కసారి "చౌడక్కా" అని గట్టిగా పిలువు. నాకు కావాలి అది. దాచుకుంటా.

అక్క


గుంటూరు, ఆసుపత్రి
6-10-1974

చౌడక్కకు,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులు. నువ్వు కూర్చున్న స్టూలు మీద ఇప్పుడు సుబ్బరత్నం కూర్చుని, నేను ఏం రాస్తున్నానో చూడనట్టు చూస్తోంది.

ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులైంది. కుట్లు విప్పారు. ఇకమీదట నా ఊపిరి ముక్కులోంచి కాదు, మెడకు పెట్టిన రంధ్రంలోంచి. మొదటి రోజు తెలివి వచ్చేసరికి ఊపిరి ఎక్కడినుంచి వస్తోందో తెలియక గుండె పగిలినంత భయం వేసింది. అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని వేలు మెలిపెట్టావు, పోగు మెలిపెట్టినట్టు. ఒకసారి, తర్వాత ఇంకోసారి. ఆ వేలే చూశాను. కాసేపటికి ఊపిరి దొరికింది. ఇదివరకు అది గడ్డను తాకుతూ పోయేది. ఇప్పుడు తాకడానికి ఏమీ లేదు. చల్లగా పోతుంది, వెచ్చగా వస్తుంది.

అంతా తీశామని డాక్టరు చెప్పలేదు. మూడు నెలలకు మళ్ళీ చూస్తామన్నాడు. కనుక భయం ఉంది. పొద్దున ఒకసారి వచ్చింది. భయం అని రాశాను, ఇంకో పేరు పెట్టలేదు. ఇది రాస్తుండగా పోయింది.

తెరేసమ్మగారు నిన్న వచ్చింది. అబ్రహాముగారు పలకా బలపమూ పంపాడు. పలక మీద, "మీరు మాట్లాడినా నాకు సగమే వినపడేది, కాబట్టి నష్టం లేదు" అని రాసి ఉంది.

స్టేషన్‌లో పిలిచిన పిలుపు నీ దగ్గర ఉంది. అదే నేను గట్టిగా అన్న ఆఖరి మాట. మంచి మాటే అయింది.

నా మగ్గం మీద నువ్వు నేస్తున్న చీర దసరాకు అవుతుందని అన్నావు. నేను రాలేను. నువ్వే కొయ్యి. కోసేటప్పుడు అచ్చులో పోగులు వదులు. జానెడు కాదు, మూరెడు వదులు. సంక్రాంతి దాటాక వచ్చి కొత్త పడుగు నేను అతుకుతాను. దానికి మాటతో పని లేదు.

తమ్ముడు,
సాంబమూర్తి